తుర్కోల్ల మేడ

మా ఊరి చివర, మూసీ ఒడ్డున ఒక పెద్ద మేడ ఉంది. దాన్ని ఊరంతా తుర్కోల్ల మేడ అని పిలిచేది. మా అమ్మ అట్లాగే అంది, మా నాయన అట్లాగే అన్నాడు, నేనూ అన్నాను. నిజానికి దాన్ని ఏ ముస్లిమూ కట్టించలేదు. ఏ ముస్లిమూ దానికి యజమాని కాలేదు. ఒక మాట నోరు తిరగక ఇంకో మాటగా మారింది. అది తరతరాలు ఊరి నోట్లో నాని, చివరికి ఒక ముసలామె నెత్తిమీద పడింది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. కోదాడలో తెలుగు పంతులమ్మగా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. పిల్లల మాటల్లో తప్పులు దిద్దడమే నా బతుకుతెరువు. ఈ ఒక్క తప్పు మాత్రం నా చేత దిద్దుబాటు కాలేదు. ఆ కోపం నాకింకా పోలేదు కాబట్టి, రాతలో అక్కడక్కడా పుల్లవిరుపు మాటలు వస్తే సర్దుకోండి.

మా ఊరు సూర్యాపేటకూ మిర్యాలగూడకూ నడుమ ఉంటుంది. మా ఇంట్లో గొర్లే ఆస్తి. మేడ కథ నాకు చెప్పింది మా నాయనమ్మ. ఆమె పెళ్ళయి వచ్చిన కొత్తలోనే ఆ పని మొదలైందట. ఊరి నడుమ దొరకు కోటలాంటి గడి ఉండనే ఉంది. అది చాలక కాదు ఈ మేడ లేపింది.

“దొర పట్నం వొయ్యిండు,” అని మొదలుపెట్టేది నాయనమ్మ. “నిజాం కొడుక్కు టర్కీ సుల్తాను ఇంటి పిల్లను తెచ్చిన్రట. ఆ పిల్ల పుట్టిన ఊర్ల నీళ్ళ ఒడ్డుకు మేడలుంటయట. ఎవలింట్లనో ఆ బొమ్మ సూశిండు. ఇగ వచ్చినకాడికెల్లి ఒకటే పాట, నాక్గూడ గసొంటిది గావాలె అని.”

అక్కడ ఉన్నది సముద్రం. మా దగ్గర ఉన్నది మూసీ. వానాకాలం ఒడ్లు ఒరుసుకుంటూ పారేది, ఎండాకాలం గొర్రె కూడా ఈదకుండా దాటేది. దొర దాన్నే సముద్రం అనుకున్నాడు. కలిగినవాళ్ళు అనుకుంటే చాలు, మోసేవాళ్ళు ఎట్లాగూ ఉంటారు.

నది ఇసుకలోకి బండరాళ్ళు దించి, వాటి మీద ఎత్తైన అరుగు కట్టి, ఆ అరుగు మీద రెండంతస్తులు లేపారు. పై అంతస్తు నీళ్ళ మీదికి ముందుకు పొడుచుకుని వచ్చి ఉంటుంది. వాలుగా నిలబెట్టిన టేకు మొద్దులు కింద నుంచి దాన్ని మోస్తుంటాయి. నది వైపంతా వరుసగా కిటికీలు, లోపలి ఆడవాళ్ళు కనబడకుండా వాటికి చెక్క జాలీలు. అన్నిటికంటే కింద, నీటి మట్టానికి ఒక చీకటి గది, మా మాటలో అర్ర. అది పడవ నిలపడానికట. టర్కీలో సుల్తాను కొలువులోని పెద్దమనుషులు ఇలాంటి చెక్క మేడలు నీటి అంచున కట్టుకునేవారని, ఇంటి కింది నుంచే పడవెక్కి షికారు పోయేవారని నేను చాలా ఏళ్ళ తర్వాత చదివాను. మా దొర ఒక్క బొమ్మ చూసి ఇంత పట్టుకొచ్చాడంటే ఆయన కన్ను మంచిదే. మంచిదని చెప్పడానికి ఆయనలో నాకు దొరికింది అదొక్కటే.

పనంతా వెట్టి. మా ఊరివాళ్ళు చాలక ఆత్మకూరు దిక్కు నుంచి కూడా మనుషులను తోలుకొచ్చారట. ఇంటికొకరు రావాల్సిందే. బాలింతలు కూడా ఇసుక తట్టలు మోశారు. మా తాత తమ్ముడు అప్పుడు పెళ్ళీడు పిల్లవాడు. అరుగు పునాదికి బండ దించుతుంటే మోకు తెగింది. అతను కింద గుంటలో ఉన్నాడు. బండ తీసే పని పెద్దదని, మొదలుపెట్టిన వరుస ఆపితే అపశకునమని మేస్త్రీ అన్నాడట. దొర తలూపాడు. పైనుంచి రెండో బండ దించారు.

“తీశి ఇయ్యలేదా?” అని అడిగాను నేను, చిన్నప్పుడు.

“తియ్యలే బిడ్డా. గాడనే ఉన్నడు,” అంది నాయనమ్మ. ఆ మాట చెప్పేటప్పుడు ఏడ్చేది కాదు. వేరే పనేదో చేస్తూ చెప్పేది. దొర ఒక ధోవతి, కొన్ని జొన్నలు పంపాడట. జొన్నలు తిన్నారు. ధోవతి మాత్రం ఎవరూ కట్టలేదు.

మనిషి పోయింది మా ఇంట్లోంచి, పేరు పోయింది టర్కీకి. దొర నోట అది టర్కీ మేడ. జీతగాళ్ళ నోట తుర్కి మేడ. ఆ తుర్కి అనేది ఏ దిక్కున ఉందో మా వాళ్ళకేం తెలుసు? వాళ్ళకు తెలిసిన తుర్కోల్లు సూర్యాపేట అంగట్లో గాజులమ్మేవాళ్ళు, పీరీల పండక్కి పీరీలెత్తేవాళ్ళు. కాబట్టి నాలుగు రోజులకే అది తుర్కోల్ల మేడ అయి కూర్చుంది. తురక అనే మాటే ఒకప్పుడు ఆ దేశపు మనుషుల పేరు నుంచి పుట్టిందని నిఘంటువులు చెబుతాయి. అంటే మా వాళ్ళు తెలియకుండానే మాటను దాని పుట్టింటికి తోలారు. ఇది వినడానికి తమాషాగా ఉంటుంది. చాలాకాలం మేమూ తమాషాగానే చెప్పుకున్నాం.

దొర పడవ షికారు ఎన్నో రోజులు సాగలేదు. పడవ ఇసుకలో కూరుకుపోతే జీతగాళ్ళు నడుములోతు దిగి నెట్టేవారట. ఆ తర్వాత దొరల మీద జనం తిరగబడ్డ సంఘం రోజులు వచ్చాయి. ఊరి నడుమ ఉన్న గడిని జనం కూలగొట్టారు. దొర కుటుంబం రాత్రికి రాత్రే పట్నం పోయింది. మేడను కూడా కూల్చేవాళ్ళే. ఈలోగా అందులో పోలీసు క్యాంపు దిగింది. పడవ కోసం కట్టిన చీకటి అర్రలో మనుషులను కట్టేసి కొట్టారు. మా తాతను అందులోనే కొట్టారు. బయటికొచ్చాక ఆయన కుడిచెయ్యి పైకి లేచేది కాదు, గొర్రెను మెడ మీదికి ఎత్తుకోవడం మా నాయనకు పసితనంలోనే వచ్చింది. తమ్ముడు పునాదిలో, అన్న ఆ పైన చీకట్లో. మా ఇంటివాళ్ళ పరిచయం ఆ మేడతో అంతవరకే.

క్యాంపు ఎత్తేశాక మేడలో మిగిలింది ఒకే ఒక కుటుంబం. దొర గుర్రాలకు మేత వేసే సాయిబు, అతని పెళ్ళాం, ఒక కొడుకు. “ఊడ్సుకుంట ఉండు, మళ్ళొస్తం,” అని దొర పోతూ పోతూ చెప్పాడట. వాళ్ళు మళ్ళీ రాలేదు, సాయిబు ఊడవడం మానలేదు. వెనకవైపు గుర్రాల సాల పక్కన రెండు అర్రల్లో ఉండేవాళ్ళు. మేడ లోపల ఎన్నడూ పడుకోలేదు. కానీ ఊరు ఊరే కదా. మేడ పేరు తుర్కోల్ల మేడ, అందులో ఉన్నది తుర్కోల్లు. ఇంకేం కావాలి? కొత్తగా వచ్చిన ఏ ఆఫీసరైనా అదెవరిదయ్యా అంటే, సర్పంచి నుంచి కబుర్లు మోసే మస్కూరి దాకా ఒకటే జవాబు.

“తుర్కోల్లది సార్.”

ఆ గుర్రాల సాయిబు కోడలే మా ఖాలమ్మ; ఉర్దూలో ఖాలా అంటే పిన్ని. కోదాడ దిక్కు నుంచి చిన్నవయసులో ఆ ఇంటికి వచ్చింది. భర్త దర్జీ. మేడ ముందరి వరండాలో కుట్టుమిషన్ పెట్టుకుని ఊరి మగవాళ్ళకు అంగీలు కుట్టేవాడు. కామెర్లు ముదిరి, సూర్యాపేట దవాఖానాకు పోయేలోపే దారిలో పోయాడు. అప్పటికి వాళ్ళకు ఒక్క ఆడపిల్ల. ఆ తర్వాత ఖాలమ్మ బొంతలు కుట్టి బతికింది. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి, నేల మీద కూర్చుని, ఈ అంచు నుంచి ఆ అంచుకు దారం వేసుకుంటూ పోయేది. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డనూ మొదట చుట్టింది ఆమె బొంతలోనే. మా అన్న పిల్లలనూ, ఆ పిల్లల పిల్లలనూ కూడా.

బడి లేనప్పుడు నేను ఆమె దగ్గరే ఉండేదాన్ని. ఆమె సూదిలోకి దారం ఎక్కించేది నేను. ఒకరోజు అడిగాను, “ఖాలమ్మా, మీ మామ రాజా?” అని. అంత పెద్ద మేడ కట్టినవాడు రాజే అయి ఉంటాడని నా లెక్క.

ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. “రాజు గాదు బిడ్డా. గుర్రాలకు గడ్డేసెటోడు. గీ మేడ మాది గాదు. దొరది. మేం గీడ ఊడ్సెటోల్లం.”

“మరి అందరు మీదే అంటరు?”

“అంటె అననీ. అన్నోల్ల నోరు నొయ్యదు, నా చెవి నొయ్యదు.”

ఈ సంగతి ఆమె నాకొక్కదానికే కాదు, అడిగిన ప్రతివాళ్ళకూ చెప్పింది. అడగనివాళ్ళకు కూడా చెప్పింది. ఎవరూ చెవిన పెట్టలేదు. ఊరికి ఆమె నిజంతో పనిలేదు, పేరు ఉంది కదా చాలు.

ఏళ్ళు గడిచాయి. మూసీ పాడైంది. పట్నం మురుగంతా కలిసి, నీళ్ళు నల్లగా మారి, వాన పడితే నురుగు గట్ల దాకా లేచేది. గొర్లను ఆ నీళ్ళకు తోలడం మానేశారు. మేడ జాలీలు ఊడిపోయాయి, పైకప్పులో రావి మొలిచింది. నాకు కోదాడలో ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. ఖాలమ్మ తన బిడ్డను మిర్యాలగూడలో బియ్యం మిల్లు పనివాడికి ఇచ్చింది. తాను మాత్రం ఆ రెండు అర్రల్లోనే ఉండిపోయింది. కంపు గురించి ఎవరైనా అంటే, “మూసీ నా ముందుకెల్లి పోతాంది, నేను మూసీ ముందుకెల్లి పోతలేను గదా,” అనేది.

అప్పుడు కోదాడ నుంచి ఒక ఆసామి వచ్చాడు. ఫంక్షన్ హాళ్ళు కట్టడం ఆయన వ్యాపారం. పట్నంలో ఉన్న దొర మనుమడి దగ్గర మేడనూ దాని చుట్టూ ఉన్న స్థలాన్నీ కొన్నాడు. కాగితాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆయన మొదటిసారి చూడ్డానికి వచ్చినప్పుడు ఖాలమ్మ ఆయనకు చాయ్ పెట్టి ఇచ్చి, తనకు ఒకే ఒక్క కోరిక ఉందని చెప్పింది. తన రెండు అర్రల్లో ఒకటి, వెనకది, ఉండనివ్వమంది. మేడ ఊడ్చి పెడతానంది. ఆయన మనిషి చెడ్డవాడు కాదు. “అలాగే ఉండండమ్మా, ఆ వెనకగది మాకు అడ్డమేం కాదు,” అన్నాడట. కూతురు చూడ్డానికి వచ్చినప్పుడు ఆమె ఫోన్లో ఆ మాట నాకు చెప్పింది. అంత సంతోషంగా ఆమె గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఆ వారంలోనే మా ఊరి పిల్లల ఫోన్లలో ఒక మెసేజ్ తిరిగింది. ఊరి మేడను తుర్కోల్లు కబ్జా పెట్టారని, వెనకగది ఇస్తే రేపు అక్కడ దర్గా లేస్తుందని, ఎల్లుండి పెళ్ళి బ్యాండు కూడా కొట్టనివ్వరని. సాక్ష్యం ఏమిటంటే పేరు. ముత్తాతల నుంచి తుర్కోల్ల మేడ అంటున్నాం కదా, పేరే చెబుతోంది కదా అని. రాసింది ఎవరో తెలియదు. పంపింది మాత్రం అందరూ. మా వాళ్ళ పిల్లలు కూడా పంపారు. ఆసామి భయపడ్డాడు. కోట్లు పెట్టేవాడికి గొడవంటే భయమే. పంచాయతీ ఆఫీసులో కూర్చుని తేల్చుకుందామని సర్పంచికి కబురు పెట్టాడు.

ఖాలమ్మ నాకు ఫోన్ చేసింది. “బేటీ, నువ్వు సదువుకున్నదానివి. వచ్చి ఆ టర్కీ సంగతి ఒక్కపారి చెప్పు. వెనక అర్ర ఉండనిస్తె చాలు.”

తెల్లారే బస్సెక్కి, సూర్యాపేటలో మారి, ఊరికి పోయాను. దారిపొడుగునా చెప్పాల్సింది మనసులో అనుకుంటూనే ఉన్నాను, పాఠానికి పోయే ముందు అనుకున్నట్టు. పంచాయతీ ఆఫీసు నిండా జనం. మా అన్న ముందు వరుసలో కుర్చీలో ఉన్నాడు. ఖాలమ్మ గోడ పక్కన కింద కూర్చుంది. కుర్చీ వెయ్యమన్నాను. కుర్చీలు అయిపోయాయన్నారు.

నేను నిలబడి నాయనమ్మ చెప్పినదంతా చెప్పాను. దొర పట్నం పోవడం, బొమ్మ చూడడం, వెట్టి, మా చిన్నతాత, అన్నీ. టర్కీ అనేది ఒక దేశం పేరని, మన నోళ్ళలో అది తుర్కోల్లు అయిందని చెప్పాను. నమ్మకం కలగాలని ఫోన్ తీసి, ఆ దేశంలో నీటి అంచున ఉన్న ఒక పాత చెక్క మేడ ఫొటో చూపించాను. ఫోన్ చేతులు మారింది. అందరూ నోళ్ళు తెరిచారు. ముందుకు పొడుచుకొచ్చిన పై అంతస్తు, వాలు మొద్దులు, కిటికీల వరుస, కింద పడవ అర్ర.

“మన మేడనే గదనే,” అంది ఒక పెద్దామె.

అయిపోయింది, గెలిచాననుకున్నాను. అప్పుడు మా పెదనాయన మనుమడు, నా చేతిలో చదువుకోకపోయినా నా కళ్ళముందు పెరిగినవాడు, ఫోన్ తిరిగి ఇస్తూ అన్నాడు.

“అత్తా, నువ్వు చెప్పేది మంచిగనే ఉన్నది. గని ఆ టర్కీల ఉన్నదెవలు? తుర్కోల్లే గదా?”

“అవును, కానీ...”

“గంతే మరి. తుర్కోల్ల మేడ సూశి గట్టింది తుర్కోల్ల మేడనే అయితది.”

జనం నవ్వారు. అందులో కొంతమందికి అది సబబుగా కూడా తోచింది, ముఖాలు చూస్తే తెలిసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాటకు అర్థముందా, మీ తాతలు మోసిన రాళ్ళురా అవి అని అరిచాను. మా అన్న నా కొంగు పట్టి లాగాడు. “కూసో ఇగ. ఊర్ల ఉండేటోల్లం మేము,” అన్నాడు, నాకు మాత్రమే వినబడేట్టు.

ఆసామి గొంతు సవరించుకున్నాడు. “మేడం గారూ, మీరు చెప్పింది బాగుందండీ. కానీ ఎవరిదంటే ఎవరిదని నలుగురూ నాలుగు రకాలుగా అంటుంటే రేపు నాకు ఇబ్బంది కదండీ. ఆవిడ్నే ఒక మాట అడిగేద్దాం.”

సర్పంచి ఖాలమ్మ వైపు తిరిగాడు. “చెప్పు పెద్దమ్మా. మేడ ఎవలది?”

ఆమె లేచి నిలబడడానికి కాస్త సేపు పట్టింది. నేను పట్టుకోబోతే వద్దంది. “నాది గాదు,” అంది. “మా మామది గాదు. దొరది అన్నరు, ఇప్పుడు గీ సారుది. కట్టిన్రు మాత్రం మీ ఇండ్లల్లోల్లు. నేను అడిగింది మేడ గాదు. వెనక అర్ర.”

“మేడ నీది గాదన్నవు గదా?” అన్నాడు మా పెదనాయన మనుమడు.

“గాదన్న.”

“మరి నీది గానికాడ నీకు అర్ర ఎందుకు?”

ఆమె నాదే అని ఉంటే కబ్జా అనేవారు. నాది కాదంది కాబట్టి పొమ్మన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సర్పంచి నేల చూశాడు. ఆసామి రూమాలుతో మెడ తుడుచుకుని, ఒక నెల టైము తీసుకోండమ్మా అన్నాడు. ఖాలమ్మ తలూపింది. బయటికి వస్తుంటే ఆసామి నా పక్కకు వచ్చాడు.

“మేడం గారూ, ఆ ఫొటో ఒకసారి నాకు పంపిస్తారా?”

నేను పంపలేదు. ఆయన ఎక్కడో వెతుక్కుని ఉంటాడు, అదేం కష్టం.

నెల దాకా ఆమె ఆగలేదు. వెళ్ళమన్నాక ఉండడం మర్యాద కాదంది. ఒక ట్రాలీ ఆటోలో ట్రంకు పెట్టె, మంచం, కుట్టుమిషన్ ఎక్కించింది. నేను కోదాడ నుంచి పోయేసరికి ఆటో కదలడానికి తయారుగా ఉంది. వాకిట్లో పెద్ద జనమేమీ లేరు. ఆమె బొంతల్లో పొర్లిన పిల్లలు ఊళ్ళో ఇల్లిల్లూ ఉన్నారు. వాళ్ళంతా ఏవో పనుల మీద ఉన్నారు. ఖాలమ్మ పోయే ముందు రెండు అర్రలూ ఊడ్చింది. ఆ తర్వాత వరండా కూడా ఊడ్చింది. చీపురు గోడకు ఆనించి ఆటో ఎక్కింది.

మిర్యాలగూడలో మిల్లుల వెనక సందులో కూతురు వాళ్ళది ఒకే గది. కిరాయి ఇల్లు. ఊక బూడిద గాల్లో తేలివచ్చి ఆరేసిన బట్టల మీద, అన్నం గిన్నెల మీద పడుతుంది. తలుపు పక్కన మంచం వేసి ఆమెను పడుకోబెట్టారు. అల్లుడు మంచివాడే, కానీ ఇంట్లో చోటు లేదు. ఆమె మంచం మీద ఒక పక్కకు ఒదిగి కూర్చునేది, చోటు తీసుకుంటున్నందుకు ఎవరైనా ఏమైనా అంటారేమోనన్నట్టు. నాకు అది చూడడమే అన్నిటికంటే కష్టమైంది. అంత పెద్ద మేడలో ఎవరి చోటూ తీసుకోకుండా బతికిన మనిషి.

ఈలోగా మేడ మారింది. ఆసామి డబ్బుకు వెనకాడలేదు. జాలీలు కొత్తగా చేయించాడు, వాలు మొద్దులకు వార్నిషు వేయించాడు, కింది చీకటి అర్రకు రంగు దీపాలు పెట్టి ఫొటోలు దిగే చోటు చేశాడు. వెనకున్న గుర్రాల సాల, రెండు అర్రలు పడగొట్టి కార్లు నిలపడానికి సిమెంటు పోయించాడు. రోడ్డు మీద పెద్ద కమాను లేచింది. దాని మీద బంగారు అక్షరాలతో, టర్కిష్ ప్యాలెస్. పిలిచే పేరు కూడా మారిపోయింది. ఆ తుర్క మాట ఎవరి నోటా లేదు. పెళ్ళి ఎక్కడంటే టర్కిష్‌లో అంటున్నారు. దర్గా లేస్తుందని భయపడ్డ పిల్లల్లో కొందరు అక్కడ పార్కింగు దగ్గర యూనిఫాం వేసుకుని నిలబడుతున్నారు. మా పెదనాయన మనుమడు మేనేజరు.

మొన్న మా అన్న మనుమరాలి పెళ్ళి అందులోనే చేశారు. పోకూడదనుకున్నాను. ఆ పిల్ల ఏడుస్తూ ఫోన్ చేస్తే పోయాను. పెళ్ళికొడుకు వాళ్ళది కోదాడ అవతల, ఆంధ్ర. వియ్యపురాలు మేడంతా కలియతిరిగి చూసి మురిసిపోయింది. మా అన్న ఆమెకు దగ్గరుండి చూపిస్తున్నాడు. దొర పట్నం పోవడం, నిజాం కొడుకు పెళ్ళి, టర్కీ సుల్తాను ఇంటి పిల్ల, బొమ్మ చూసి కట్టించడం, నేను పంచాయతీలో చెప్పిందంతా, ఒక్క మాట పోకుండా. ఆరోజు నా కొంగు లాగిన మనిషి ఎంత చక్కగా చెబుతున్నాడో! వెట్టి సంగతి, చిన్నతాత సంగతి మాత్రం తీసేశాడు.

“ఎంత బాగుందండీ బాబాయిగారూ,” అంది వియ్యపురాలు. “మరి ఇది హాలు చెయ్యకముందు ఇందులో ఎవరుండేవారండీ?”

మా అన్న నన్ను చూశాడు. చూసి, ముఖం తిప్పుకున్నాడు.

“ఎవ్వలు లేకుండిరి,” అన్నాడు. “ఉత్తగనే వడున్నది.”

నేను నోరు తెరిచాను. అప్పుడే తలంబ్రాలకు పిలిచారు, బ్యాండు ఎత్తుకున్నారు, వియ్యపురాలు చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ పోయింది. బ్యాండు లేకపోయినా నేనేం చెప్పేదాన్నో నాకు తెలియదు.

మరునాడు పెళ్ళి లడ్డూలు పట్టుకుని మిర్యాలగూడ పోయాను. ఖాలమ్మ మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. చూపు తగ్గి సూది పట్టడం మానేసింది. పిల్ల ఏ చీర కట్టిందని అడిగింది, పెళ్ళికొడుకు ఎట్లున్నాడని అడిగింది, వంటలు ఏమేం చేశారని అడిగింది. మేడ గురించి ఒక్క మాట అడగలేదు. పెళ్ళి ఎక్కడయిందో ఆమెకు తెలుసు. లడ్డూ చిదిపి కొంచెం నోట్లో వేసుకుని, మిగతాది కూతురి పిల్లలకు పక్కన పెట్టింది.

“ఊరోల్లందరు వచ్చిన్రా?”

“అందరు వచ్చిన్రు ఖాలమ్మా.”

ఆమె చేతికి అంటిన నెయ్యి కొంగుకు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

“నన్ను అడిగిన్రా ఎవలన్న?”

“అడిగిన్రు,” అన్నాను.

ఆమె గోడ వదిలి నా వైపు ముందుకు జరిగింది. ఆ ముఖంలో అంత ఆశ చూసి నాకు భయమేసింది.

“ఎవలెవలు?” అంది.

నేను ఆ ఊళ్ళో పుట్టాను. ప్రతి ఇల్లూ, ప్రతి ఇంట్లో ప్రతి మనిషీ నాకు తెలుసు. ఏ ఒక్కరి పేరు చెప్పినా ఆమె నమ్మేది. నాకు ఒక్క పేరు కూడా నోటికి రాలేదు. ఆమె నేను చెబుతానని చూస్తూనే ఉంది.